ఎనిమిదో మాత్ర

పన్నెండు కావస్తోంది. నిద్ర పట్టక కాదు, ఏడు దగ్గర ఇరుక్కుపోయాను.

మృదంగం నేర్చుకుంటున్నాను కదా, మిశ్రచాపు అని ఏడు మాత్రల తాళం, మాత్రంటే ఒక లెక్క. తకిట తకధిమి. మూడూ నాలుగూ ఏడు, ఒకటో క్లాసు లెక్క. ఐదు మాత్రల ఖండచాపు, తక తకిట, రెండు వారాల్లో పట్టేశాను కదా, ఇది మాత్రం లొంగట్లేదు. ఒకటి, నాలుగు, ఆరు మీద దెబ్బ పడాలి. "మృదంగం ఇప్పుడే వద్దు ఆంటీ, నోటితో చెబుతూ చేత్తో తాళం వేసి రికార్డు పంపండి" అంది మా బుజ్జి టీచరు.

సాయంత్రం కూర్చున్నాను. నాలుగో ఆవర్తనంలో, అంటే తాళం నాలుగోసారి తిరిగేటప్పుడు, డైనింగ్ టేబుల్ మీంచి స్టీలు గ్లాసు టక్కు, టక్కు. ప్రోత్సాహమట! మా ఆయన సంగతి మీకు తెలిసిందేగా. లోకమంతా నాలుగే. భజనైనా, సినిమా పాటైనా, ఇరవై రెండేళ్ళుగా అదే టక్కు. ఆ గ్లాసు కోసం నా చెయ్యి ఆగడం, ఏడు కాస్తా ఎనిమిదవడం. "కాస్త ఆపుతారా" అంటే, "బాగానే కలుస్తోందిగా!" కలవకూడదయ్యా మహానుభావా, అదే కదా నా ఏడుపు. రాత్రి చారులో పోపు కూడా వెయ్యలేదు, కావాలనే.

ఇక్కడ ఆయన్ని బాగా దులిపేద్దామని ఇందాక రికార్డింగు చెవిలో పెట్టుకున్నాను. తీరా వింటే, గ్లాసు కంటే ముందే, మూడో ఆవర్తనంలోనే సాగదీశాను. "తకిటా". మూడుని నాలుగు చేసేశాను. పాపం ఆయన కొట్టింది నా ఎనిమిదికే. కలవక ఏం చేస్తుంది!

ఆ "టా" వింటే స్కూలు అసెంబ్లీ గుర్తొచ్చింది. డ్రిల్లు మాస్టారి విజిలు, ఒకబ్బాయి మెడలో డ్రమ్ము, లెఫ్ట్ రైట్ మీద "దేశమును ప్రేమించుమన్నా". అది రాసిన గురజాడ ఛందస్సు ముత్యాల సరం, దాని నడకే మూడూ నాలుగు మాత్రలు: దేశ, మును ప్రే, మించు, మన్నా. అచ్చం తకిట తకధిమి. మేం "దేఏశా" అని లాగి ఎనిమిది చేసేవాళ్ళం, ఉన్నవి రెండు కాళ్ళేగా మరి. ఒకరోజు నేను తెలుగు క్లాసులో చదివినట్టే లాగకుండా చదివాను. అడుగు తప్పి ముందున్న పిల్ల మడమ తొక్కితే దాని హవాయి చెప్పు ఉంగటం ఊడింది. ప్రార్థన అయ్యేదాకా ఎండలో నిలబెట్టారు. అంటే ఏడు నాకప్పుడే వచ్చన్నమాట, వాళ్ళే పోగొట్టారు!

అబ్బే, ఇదీ సాకే. అప్పుడు కాళ్ళు చూసుకోకుండా ఏ దిక్కులో చూస్తుండి ఉంటాను.

లోపల "దేశమును" అనుకుంటూ తొడ మీద మెల్లగా వేసి చూశాను. తొమ్మిది ఆవర్తనాలు నిలబడ్డాయి. పదోది పోయింది.

పొద్దున కుక్కరు పెట్టకముందే మళ్ళీ రికార్డు చేసి పంపాలి. గ్లాసు సంగతి మాత్రం ఆయనకి చెప్పను.