మామ్మతో శ్రీకూర్మం దాకా

మా వైపు ఎవరైనా పోతే అస్థికలు ఎక్కడ కలుపుతారని ఎవరూ అడగరు. స్తోమత ఉన్నవాళ్లు కాశీ వెళ్తారు, కొందరు గోదావరికి వెళ్తారు. మిగతా అందరికీ శ్రీకూర్మం ఉంది. అక్కడి కోనేట్లో కలిపిన అస్థికలు తాబేళ్ల రూపం పొందుతాయని మా పెద్దల నమ్మకం. గుడి నుంచి కాశీ దాకా సొరంగం ఉందని కూడా చెబుతారు. మా మామ్మ ఈ రెండూ నమ్మింది. "కాసీ ఎందుకర్రా, కూర్మనాధుడి దగ్గర దిగబెట్టీండి సాలు" అని బతికుండగానే చెప్పి పెట్టింది.

మామ్మ అంటే మా నాన్న వాళ్లమ్మ. మాది పొందూరు పక్క ఊరు. ఆమె పుట్టేనాటికి శ్రీకాకుళం జిల్లానే లేదు, మా ఊళ్లన్నీ విశాఖపట్నం జిల్లాలో ఉండేవి. 1950లో విడదీశారు. తను ఏ ఏడు పుట్టిందో మామ్మకి తెలీదు. పెళ్లయ్యేనాటికి మాత్రం నూలు తియ్యడం వచ్చని గట్టిగా చెప్పేది.

పొందూరు ఖద్దరు పేరు అందరూ విన్నదే. ఆ నూలు ఎలా వస్తుందో తెలిసినవాళ్లు తక్కువ, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను. గింజతో ఉన్న పత్తిని ముందు వాలుగ చేప దవడతో దువ్వుతారు. ఆ చేప పళ్లు ఎంత సన్నగా, ఎంత దగ్గరగా ఉంటాయంటే, పత్తిలో ఉన్న చెత్తంతా వాటికి చిక్కుకుని, పోగులన్నీ ఒకే వైపు తిరుగుతాయి. తర్వాత చెక్క మీద పెట్టి ఇనప కడ్డీతో దొర్లిస్తే గింజ విడిపోతుంది. ఆ దూదిని ఏకి, ఏకులు చుట్టి, దుమ్ము పడకుండా ఎండిన అరటి దొప్పలో దాస్తారు. అప్పుడు గానీ రాట్నం ముందు కూర్చోరు. చివరికి వెయ్యి మీటర్ల దారం ఒక చిలప అవుతుంది. ఇదంతా ఆడవాళ్ల పని, ఇంట్లో కూర్చుని చేసే పని. అందుకే దాన్ని పని అనేవాళ్లు కాదు. "ఇంట్లోనే ఉంటాది కదా" అని తాతయ్య తరఫు వాళ్లు అనడం నేనే విన్నాను. తాతయ్య పోయాక నలుగురు పిల్లలు తిన్న అన్నం ఆ చిలపల డబ్బుతో వండిందే.

గాంధీ గారు ఈ నూలు సంగతి తెలుసుకోవడానికి తన కొడుకు దేవదాస్ గాంధీని పొందూరు పంపించారని మా ప్రాంతంలో చెప్పుకుంటారు. మామ్మ చెప్పేది వేరేలా ఉండేది: "గాందీ గారి గుంటడొచ్చి మా అత్తోరి ఈదిలో సూసి ఎల్లాడంట." నిజంగా ఆ వీధికే వచ్చాడా అని అడిగితే కోపం వచ్చేది. ఆ కోపం నాకు ఇష్టం. తన పనిని ఎవరో ఒక పెద్దమనిషి లెక్కచేశాడన్న సంతోషం ఆమెకు అదొక్కటే.

పోయే ముందు కొన్నాళ్లు మంచం మీదే ఉంది. జబ్బంటూ ఏమీ లేదు, వయసు అయిపోయింది. చూపు తగ్గి రాట్నం మానేసి చాలా ఏళ్లయింది. అయినా చివరి రాత్రుల్లో బొటనవేలు, చూపుడువేలు కలిపి దుప్పటి అంచును సన్నగా లాగుతూనే ఉండేది. మా అమ్మ "అత్తా, చిలప అయిపోయింది, పడుకో" అంటే ఆ వేళ్లు కాసేపు ఆగేవి.

తెల్లవారుజామున పోయింది. ఆ పొద్దు మా వీధిలో రాట్నం చప్పుడు లేదు. ఎవరూ ఆపమని చెప్పలేదు. మా పెద్దత్త శోకం పెట్టడం మొదలుపెట్టింది. బయటివాళ్లకి అది ఏడుపులా వినిపిస్తుంది గానీ, శ్రద్ధగా వింటే మనిషి జీవితమంతా అందులో ఉంటుంది. "సేప దవడతో దువ్వి దువ్వి మమ్మల్ని పెంచినావే అమ్మా, గాలివానకి ఇల్లు పడిపోతే రాట్నం నెత్తి మీద ఎట్టుకుని ఎల్లినావే అమ్మా..." ఇల్లు పడిపోయిన సంగతి నాకు అప్పుడే తెలిసింది. చుట్టూ కూర్చున్న ఆడవాళ్లు తలో మాట అందించారు. ఎవరి కాన్పుకు వెళ్లింది, ఎవరికి రాట్నం నేర్పింది, ఎవరి పెళ్లికి ఏకులు అమ్మి చీర పెట్టింది. మా మామ్మ గురించి ఇక ముందు ఎవరూ ఏమీ రాయరు. ఆ పొద్దు చెప్పుకున్నదే ఆమె చరిత్ర.

అస్థికల కుండ తెల్ల గుడ్డ కట్టి, నాన్న ఒళ్లో పెట్టుకున్నారు. ఆడపిల్లలు రావడం ఎందుకని ఒకరిద్దరు అన్నారు గానీ, "మా అమ్మ దగ్గర నూలు నేర్చుకుంది అదొక్కతే, వస్తాది" అన్నారు చిన్నాన్న. చిలకపాలెం దగ్గర హైవే ఎక్కి, ఎచ్చెర్ల దాటి, నాగావళి వంతెన మీదుగా శ్రీకాకుళం చేరాం. అరసవల్లి మీదుగా వెళ్తుంటే నాన్న కారు నెమ్మది చేయించి, సూర్యనారాయణస్వామికి రోడ్డు మీంచే దణ్ణం పెట్టారు. మైలలో ఉన్నాం, గుళ్లోకి వెళ్లకూడదు. రథసప్తమికి మమ్మల్ని అందరినీ వెంటేసుకుని ఈ గుడికి వచ్చిన మనిషిని ఒళ్లో పెట్టుకుని బయట నుంచే సాగిపోవడం కష్టంగా అనిపించింది.

శ్రీకాకుళం నుంచి శ్రీకూర్మం 15 కిలోమీటర్ల లోపే. శ్వేత పుష్కరిణి గట్టున మాలాగే వచ్చిన కుటుంబాలు ఇంకా ఉన్నాయి. బ్రహ్మగారు నాన్న చేత, చిన్నాన్న చేత పిండాలు పెట్టించి, నువ్వులూ నీళ్లూ వదిలించారు. గోత్రం అడిగాక మామ్మ పేరు అడిగారు. ఊళ్లో ఆమెను పేరుతో పిలిచినవాళ్లు లేరు, అందరికీ మామ్మే. నాన్న ఆ పేరు గట్టిగా పలికేసరికి చిన్నాన్న అక్కడే మెట్ల మీద కూలబడి ఏడ్చేశారు. అస్థికలు నీళ్లలో కలిపాం. అంతే, ఆ పని నిమిషాల్లో అయిపోయింది.

పెద్దకర్మ అయ్యి మైల పోయాక మళ్లీ వెళ్లాం, ఈసారి దర్శనానికి. అత్తలిద్దరూ కూడా వచ్చారు. విష్ణువును కూర్మావతారంలో మూలవిరాట్టుగా కొలిచే గుడి ఇది. స్వామి పడమర ముఖంగా ఉంటాడు, అందుకే తూర్పున ఒకటి, పడమర ఒకటి, రెండు ధ్వజస్తంభాలు. మా ఇల్లూ పడమర ముఖమే. ఆ ఇల్లు అచ్చిరాలేదని, వాకిలి మార్చమని తాతయ్య పోయినప్పుడు ఊరంతా చెప్పారట. "కూర్మనాధుడిదీ పడమటిల్లే కదా, ఆయనకి లేని బెంగ నాకేటి?" అని మామ్మ మార్చనివ్వలేదు. గర్భగుడి ముందు నిలబడి పెద్దత్త ఆ మాట అందరికీ వినపడేలా చెప్పింది.

ప్రదక్షిణ మండపంలో నల్లరాతి స్తంభాలు, గోడల మీద పాత బొమ్మలు చూస్తూ చాలాసేపు తిరిగాం. ఆవరణలో తాబేళ్లు ఆకుకూరలు తింటుంటే చిన్నత్త కదల్లేదు. ఒక్కోదాన్ని పరీక్షగా చూస్తూ నిలబడింది. ఎందుకో మాకెవరికీ చెప్పలేదు, మేమూ అడగలేదు.

ఇప్పుడు మా వీధిలో రాట్నం తిప్పుతున్నవాళ్లలో ఎక్కువమంది ముసలివాళ్లే. అంత కష్టానికి వచ్చే కూలి చూస్తే, కూతుళ్లు నేర్చుకోలేదని నేను వాళ్లను తప్పు పట్టలేను. ధర పెరగాలి, అది తప్ప దారి లేదు. ఆ ముసలివాళ్లందరూ మామ్మతో కలిసి ఫాల్గుణ పౌర్ణమికి శ్రీకూర్మం డోలోత్సవానికి వెళ్లేవాళ్లు. ఈసారి తమను తీసుకెళ్లమని మమ్మల్ని అడిగారు. చిన్నాన్న వ్యాన్ మాట్లాడారు. పేర్లిచ్చినవాళ్లు ఎక్కువైపోయి, ఇప్పుడు రెండో బండి కోసం చూస్తున్నారు.