ప్లస్ మూడు కనిపిస్తే కుడివైపు పరిగెత్తకండి

విజయనగరం ఇంటర్ గుంటల నోట్సుల్లో గ్రాఫులు దిద్దుతుంటే ఒకటే తప్పు, మళ్ళీ మళ్ళీ. వై = (2ఎక్స్ + 7)/(ఎక్స్ + 3) ఇస్తే, 1/ఎక్స్ బొమ్మని మూడు గళ్ళు కుడికి జరిపేస్తున్నారు. జరగాల్సింది ఎడమకి. హారం సున్నా అయ్యేది ఎక్స్ = −3 దగ్గర కదా, నిలువు అనంతస్పర్శరేఖ (వంపు దగ్గరవుతూ పోయే గీత) అక్కడే.

ముందు భాగించాలి. 2ఎక్స్ + 7 లోంచి 2(ఎక్స్ + 3) తీసేస్తే మిగిలేది 1. అంటే వై = 2 + 1/(ఎక్స్ + 3). మూడు ఎడమకి, రెండు పైకి. అడ్డంగా ఉండే రేఖ వై = 2. కోట నుంచి కొలిచే దూరాలని గంటస్తంభం నుంచి కొలవడం లాంటిదే ఇది. ఫస్టియర్‌లో చదివిన అక్ష పరివర్తనే (అక్షాల్ని జరపడం), కొత్త మూలబిందువు (−3, 2).

గీసేటప్పుడు ఆ రెండు రేఖలూ పెన్సిల్‌తో చుక్కలుగా ముందే వేసేయండి. తర్వాత ఎక్స్ −2 అయితే వై 3, −4 అయితే 1, −3.5 అయితే 0. వంపు దొరికిపోతుంది.

హారం సున్నా అయిన ప్రతిచోటా గీత గీసేయడం ఇంకో జబ్బు. (ఎక్స్² − 4)/(ఎక్స్ − 2) లో 2 దగ్గర ఏ రేఖా లేదు. కొట్టివేత పోగా ఎక్స్ + 2 అనే సరళరేఖ, (2, 4) దగ్గర ఆ బిందువు లేదని చెప్పే ఒక ఖాళీ సున్నా. అంతే.

లవం ఘాతం హారం ఘాతం కంటే ఒకటి ఎక్కువైతే అనంతస్పర్శరేఖ ఏటవాలుగా వస్తుంది: (ఎక్స్² + 1)/(ఎక్స్ − 1) కి వై = ఎక్స్ + 1. ఇక "వక్రం అనంతస్పర్శరేఖని ఎప్పుడూ దాటదు" అని బట్టీ పట్టినవాళ్ళు ఎక్స్/(ఎక్స్² + 1) గీసి చూడండి. తన అనంతస్పర్శరేఖైన ఎక్స్ అక్షాన్ని మూలబిందువు దగ్గరే దాటేస్తుంది.