చీమకుర్తి నుంచి గూడూరు దాకా ఒక లోడు

చీమకుర్తిలో రాయి ఎత్తాలంటే సగం రోజు కాచుకోవాలి. క్రేన్ ఖాళీ కావాలి, కాటా వేయించాలి, పర్మిట్ రావాలి, సరుకు రవాణాకు జీఎస్టీ కింద ఉండాల్సిన ఈ-వే బిల్లు తీయాలి. ఇవన్నీ అయ్యేదాకా బండి ఎండలోనే. ఇక్కడి గెలాక్సీ గ్రానైట్‌కి ప్రపంచమంతా గిరాకీ. నల్లటి రాతిలో బంగారు పొడి చల్లినట్టు మెరుస్తుంది. మాకు మాత్రం అది ఇరవై టన్నుల పైబడిన బరువు. గొలుసు కట్టే దగ్గర నేను ఎవరి తొందరా వినను.

పొద్దున్నే సీరియల్‌లో పెట్టిన బండికి లోడు పడేసరికి చీకటి పడింది. అప్పటిదాకా ఫోనెత్తని ట్రాన్స్‌పోర్టు ఆఫీసు గుమాస్తా అప్పుడు చేశాడు. "అన్నా, రేపు పదింటికల్లా బండి యార్డులో ఉండాల. ఓడ టైము." యార్డు గూడూరు ఇవతల. రెండొందల కిలోమీటర్ల లోపు కాబట్టి ఈ-వే బిల్లుకు ఒక్కరోజే గడువు, అంటే మర్నాడు అర్ధరాత్రి దాకా. దాన్ని కూడా నా మీదే పెట్టాడు. డీజిల్‌కు అడ్వాన్సు మాత్రం ఖాతాలో వేశాడు, అదొక్కటి మెచ్చుకోవాలి.

ఒంగోలు దాటి హైవే ఎక్కితే రాత్రి పూట ప్రాణం హాయిగా ఉంటుంది. టంగుటూరు టోలు, సింగరాయకొండ, ఆ తర్వాత ఉలవపాడు. మామిడి సీజను కదా, రోడ్డు పక్కన పెట్టెలు పేర్చి టార్పాలిన్ కప్పి పెట్టారు. వాసన క్యాబిన్‌లోకి వచ్చింది. అక్కడే డాబా దగ్గర ఆపి కాసేపు నడుం వాల్చాను.

ఫోను మోగిన చప్పుడుకు లేచాను. రెండు మెసేజీలు. నా డెబిట్ కార్డు మీద ఏదో విదేశీ సైటుకు ముప్ఫై ఎనిమిది వేల చిల్లర పోయింది. డీజిల్ అడ్వాన్సు, ఫైనాన్సు కంతుకని దాచింది, అన్నీ కలిపి. ఓటీపీ రాలేదు. ఎవరూ ఫోను చేయలేదు. కార్డు నా చొక్కా జేబులోనే ఉంది. మన దేశపు సైట్లయితే మామూలుగా ఓటీపీ లాంటి రెండో తనిఖీ లేకుండా కుదరదు. బయటి సైట్లు కొన్ని కార్డు నంబరు, గడువు తేదీ, వెనకున్న మూడంకెలు ఉంటే లాగేస్తాయి. ఏ బంకులో, ఏ డాబాలో ఆ నంబరు పోయిందో దేవుడికే తెలియాలి.

ముందు బ్యాంకుకు ఫోను చేసి కార్డు ఆపించాను. తర్వాత సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి. ఆ నంబరుకు ఎంత త్వరగా చెబితే సొమ్మును మధ్యలో ఆపే అవకాశం అంత ఎక్కువ. అవతలి మనిషి ఓపిగ్గా రాసుకున్నాడు. ఫిర్యాదు నంబరు మెసేజీలో వచ్చింది.

ఖాతాలో మిగిలింది వందల్లో. ముసునూరు టోలు ముందు ఫాస్టాగ్ చూస్తే అందులోనూ లేదు. చెల్లే ఫాస్టాగ్ లేకపోతే నగదు రెట్టింపు కట్టాలి. నిద్రలో ఉన్న మా బావమరిదిని లేపి రీఛార్జి చేయించాను. టీ డబ్బులు క్లీనర్ కుర్రాడు ఇచ్చాడు. డ్రైవరుకు క్లీనర్ టీ తాగించడం మా లైనులో పెద్ద వింత, వాడు దారంతా అదే చెప్పుకుని నవ్వాడు.

నెల్లూరులో అయ్యప్పగుడి దగ్గర బండిని పక్కకు పెట్టి, కుర్రాణ్ణి కాపలా ఉంచి, ఆటోలో ట్రంకు రోడ్డు వైపు వెళ్లాను. బ్యాంకులో మొదటి ప్రశ్న, "ఓటీపీ ఎవరికి చెప్పావు?" రాలేదన్నాను. మళ్ళీ అదే ప్రశ్న. లారీ డ్రైవరంటే ఎవడడిగినా నంబరు చెప్పేసే రకమని ముందే అనుకుంటారు. తర్వాత, "మీ బ్రాంచి పొదిలి కదా బాబూ, అక్కడ ఇవ్వండి." హైవే మీద ఇరవై టన్నుల రాయి పెట్టుకుని పొదిలి ఎలా పోను?

కావలి డ్రైవరు ఒకాయనకు లోగడ ఇలాగే జరిగితే విన్న మాటలు పనికొచ్చాయి. రిజర్వు బ్యాంకు 2017 నిబంధన ప్రకారం, బ్యాంకు తప్పూ మన తప్పూ కాకుండా బయటివాడు లాగినప్పుడు, మూడు పనిదినాల్లోపు చెబితే మన మీద పైసా పడదు. పది పనిదినాల్లో ఆ మొత్తం తాత్కాలికంగా జమ చేయాలి. తప్పు ఖాతాదారుదే అంటే, దాన్ని నిరూపించే బాధ్యత బ్యాంకుది. ఇంకొకటి కూడా అడిగాను. విదేశీ లావాదేవీలకు కార్డు ఎప్పుడూ వాడకపోతే ఆ దారి మూసి ఉంచాలని 2020లో చెప్పారు కదా, నాది ఎవరు తెరిచారు? దానికి జవాబు లేదు. పక్క టేబులు మేడమ్ కాగితం తీసుకుని, రెండో ప్రతి మీద ముద్ర వేసి ఇచ్చింది. ఆ ముద్ర కోసమే నేను అంతసేపు నిలబడింది.

ఈలోగా గుమాస్తా ఫోన్లు. జీపీఎస్‌లో బండి కదలడం లేదట. జరిగింది చెప్పాను. "అడ్వాన్సు ఇచ్చేశాం కదన్నా, మళ్ళీ అడిగితే ఎట్టా?" అన్నాడు. నేను అడగలేదు! డీజిల్‌కు తెలిసిన బంకులో అరువు పెట్టుకుని బయల్దేరాను.

మధ్యాహ్నం యార్డుకు చేరితే గేటు తీయలేదు. లోపల క్రేన్ రిపేరు, ఓడ ఇంకో రెండు రోజులకట. ఆ సంగతి ఆఫీసుకు ముందురోజే తెలుసని గేటు దగ్గరి మనిషే చెప్పాడు. రాత్రి తొమ్మిదికి నేనే ఫోను చేసి, గడువు పొడిగించండి, అర్ధరాత్రికి బిల్లు చచ్చిపోతుంది అని గుర్తు చేయాల్సి వచ్చింది. గడువుకు ఎనిమిది గంటల ముందు నుంచి ఎనిమిది గంటల తర్వాత దాకా పొడిగించుకోవచ్చు, ఆ పని ట్రాన్స్‌పోర్టు వాళ్ళదే. గుమాస్తా విసుక్కుంటూ చేశాడు.

బ్యాంకు సొమ్ము గడువులోపే తాత్కాలికంగా జమ అయింది, విచారణ ఇంకా నడుస్తోంది. బండి ఆగి ఉన్నందుకు ఇవ్వాల్సిన హాల్టింగు ఛార్జి మాత్రం రాలేదు. అడిగితే నెల్లూరులో ఆగింది నువ్వే కదా అని జీపీఎస్ కాగితం చూపిస్తున్నాడు. అదే కాగితంలో గేటు ముందు బండి ఎంతసేపు ఉందో కూడా చూడమంటే, మేనేజరు ఊళ్లో లేడంటాడు.