విలియం పేరు లెక్క: ఇంతవరకు జరిగిన పని

పాత జర్మానిక్ (జర్మన్, ఇంగ్లీషు వంటి భాషల కుటుంబానికి చెందిన) పేర్ల పుట్టుకను, వాటి ఆదరణలోని హెచ్చుతగ్గులను ఒక్కొక్కటిగా పట్టికలకు ఎక్కించే నా వ్యాపకంలో ఈసారి విలియం వంతు వచ్చింది. జరిగిన పనిని, అనుసరించిన పద్ధతిని, ఇంకా తేలవలసిన సంగతులను ఇక్కడ పొందుపరుస్తున్నాను.

ముందుగా పుట్టుక. ఈ పేరుకు మూలం ప్రాచీన జర్మన్‌లోని విల్లాహెల్మ్. అందులో మొదటి భాగానికి సంకల్పమని, రెండో భాగానికి శిరస్త్రాణమని అర్థం. ఈ రెండింటినీ కలిపి శిశునామాల పుస్తకాలు చెప్పే వీరోచితమైన అర్థాన్ని నేను పట్టికలో చేర్చలేదు. మన ఇళ్లలో వెంకట, సుబ్బ వంటివి తరతరానికీ కొత్త జతతో వచ్చినట్లే, జర్మానిక్ కుటుంబాల్లోనూ పెద్దల పేరులోని ఒక భాగం పిల్లల పేరులో వేరొక భాగంతో కలిసి కనిపించేది. అందువల్ల ప్రతి జతకూ పొందికైన వాక్యార్థం వెతకడం వృథా శ్రమ అని నా అభిప్రాయం. పట్టికలో రెండు భాగాలకూ రెండు నిలువు వరుసలు పెట్టుకుంటే, హెల్మ్ అనే భాగం ఉన్న ఆన్సెల్మ్ వంటి పేర్లను తరువాత ఒకచోట చేర్చడం సులువవుతుంది.

ఈ పేరు ఇంగ్లండులో స్థిరపడింది 1066లో నార్మన్ ప్రభువు విలియం ఆ దేశాన్ని జయించిన తరువాతనే. ఫ్రాన్స్‌లోని ఎక్కువ ప్రాంతాల్లో మొదటి ధ్వని ‘గ’కారంగా మారి గియోమ్ అయింది, ఉత్తరాన నార్మండీలో ‘వ’కారమే నిలిచింది కాబట్టి ఇంగ్లండుకు విలియం దక్కింది. గాడ్విన్, లియోఫ్రిక్ వంటి పాత ఇంగ్లీషు పేర్లు కొద్ది తరాల్లోనే వెనకబడి, వాటి చోట విలియం, రాబర్ట్, రిచర్డ్, హెన్రీ నిలిచాయి. విచిత్రమేమిటంటే, వచ్చినవీ జర్మానిక్ మూలాలు గలవే, పోయినవీ అటువంటివే. 1170ల తొలినాళ్లలో నార్మండీలో జరిగిన ఒక క్రిస్మస్ విందులో, విలియం అనే పేరున్న వీరులు తప్ప మరెవ్వరూ ఆ గదిలో భోజనం చేయరాదని నియమం పెట్టగా నూటికి పైగా విలియంలు మిగిలారని ఆ కాలపు చరిత్రకారుడు రాబర్ట్ ఆఫ్ టోరిన్యీ రాశాడు. ఒకే పేరు ఇంతమందికి ఉన్నప్పుడు మనుషులను వేరు చేయడానికి మరో గుర్తు అవసరమవుతుంది. విల్సన్, విల్కిన్సన్, విలియమ్సన్ వంటి ఇంటిపేర్లు ఈ పేరు నుంచి పుట్టినవే.

ఇక అంకెల పని. అమెరికా సామాజిక భద్రతా సంస్థ 1880 నుంచి ఏడాదికొక ఫైలు చొప్పున పేర్ల లెక్కలను ఉచితంగా అందిస్తుంది. ప్రతి వరుసలో పేరు, లింగం, సంఖ్య మాత్రమే కామాలతో విడదీసి ఉంటాయి కనుక మామూలు స్ప్రెడ్‌షీట్ సరిపోతుంది. అయితే నాలుగు జాగ్రత్తలు అవసరం. పేరు పూర్తిగా సరిపోలిన వరుసలనే తీసుకోవాలి. మొదటి అక్షరాలను బట్టి వడకడితే విలియమ్స్, విలియమ్సన్ కూడా లెక్కలోకి వచ్చి కూర్చుంటాయి. మగపిల్లల వరుసలనే ఎంచుకోవాలి, ఎందుకంటే పాత ఫైళ్లలో ఆడపిల్లల కింద కూడా కొందరు విలియంలు కనిపిస్తారు. ఏడాదికి 5 కంటే తక్కువసార్లు వచ్చిన పేర్లు అసలు ఉండవు. అన్నిటికంటే ముఖ్యమైనది నాలుగోది: సామాజిక భద్రతా చట్టం వచ్చింది 1935లో, అంతకు చాలా ముందు పుట్టినవారిలో తరువాత ఎప్పుడో సామాజిక భద్రతా కార్డు తీసుకున్నవారే ఈ లెక్కల్లో ఉన్నారు. కాబట్టి పాత సంవత్సరాల సంఖ్యలను నేటి సంఖ్యలతో నేరుగా పోల్చకూడదు. ఆ ఏటి మగపిల్లల్లో నూటికి ఎందరు అనే వాటానే తీసుకోవాలి.

వాటా గీత గీసిన తరువాతే అసలు సంగతి బయటపడింది. 1880లో జాన్ 9,655, విలియం 9,532; అంటే రెండో స్థానంలో ఉన్న విలియం వాటా నూటికి 8. ఈ పేరు నేటికీ అమెరికాలో మొదటి పాతిక స్థానాల్లోనే ఉంది కనుక, స్థానాన్ని మాత్రమే చూసేవారు ఇది చెక్కుచెదరలేదని అంటారు. కానీ వాటా ఇప్పుడు నూటికి 1 కూడా లేదు. పడిపోయింది విలియం ఒక్కటే కాదు. పెద్ద పేర్ల పట్టు మొత్తంగా సడలి, తల్లిదండ్రుల ఎంపిక వేల పేర్లకు విస్తరించింది. 2017 నుంచి కొన్నేళ్లుగా మొదటి స్థానంలో ఉన్న లియమ్ వాటా కూడా నూటికి ఒకటికి కాస్త మించుతుందంతే. స్థానాల పట్టికను నమ్మి పేరు చరిత్ర రాయడం నాకు అందుకే రుచించదు.

లియమ్ దగ్గర ఇంకో చిక్కు ఉంది. నార్మన్లతో ఐర్లండు చేరిన విలియం అక్కడ ఉల్యమ్ అయింది. దాని చివరి ముక్కే లియమ్. మూలాన్ని బట్టి రెండింటినీ కలపాలి. కానీ నేడు లియమ్ అని పేరు పెట్టే తల్లిదండ్రులకు అది స్వతంత్రమైన పేరే. చివరికి రెండు షీట్లు ఉంచాను: ఒకటి ఒకే వర్ణక్రమానికి, రెండోది మూలకుటుంబం మొత్తానికి. రెండో దానిలో స్పానిష్ గియెర్మో, జర్మన్ విల్‌హెల్మ్ కూడా చేరాయి.

ఇంగ్లండు, వేల్సులకు జాతీయ గణాంక కార్యాలయం 1996 నుంచి ఏటేటా పూర్తి జాబితాలు ఇస్తుంది. అంతకు ముందు 1904 నుంచి 1994 వరకు పదేళ్లకోసారి మొదటి 100 పేర్ల స్థానాలే దొరుకుతాయి. 1904లో మొదటి పేరు విలియం. స్థానం తప్ప సంఖ్య లేని ఈ భాగాన్ని గ్రాఫులో గీతగా కాక చుక్కలుగా చూపాను. జర్మనీలో కైసర్ల (చక్రవర్తుల) కాలంలో విరివిగా వినిపించిన విల్‌హెల్మ్ 20వ శతాబ్దంలో బాగా తగ్గిపోగా, డెన్మార్క్, స్వీడన్‌లలో 2010లలో విలియం పలుమార్లు మొదటి స్థానానికి చేరింది. అక్కడివారు పాత విల్‌హెల్మ్‌ను కాక ఇంగ్లీషు రూపాన్ని ఎంచుకోవడం గమనించదగినది.

తెలుగు నేలకూ ఈ పేరు కొత్త కాదు. 1814లో తెలుగు వ్యాకరణాన్ని ఇంగ్లీషులో ప్రచురించిన, బెంగాల్‌లోని శ్రీరాంపూర్ మిషనరీ విలియం కేరీ. మన క్రైస్తవ కుటుంబాల్లోనూ విలియం వినిపిస్తూనే ఉంటుంది. లెక్కలు దొరకవు కనుక దీన్ని పట్టికలో చేర్చలేదు.

తరువాతి పేరు ఒట్టో. అమెరికాలో ఇది మొదటి 1,000 పేర్ల నుంచి కనుమరుగై 2010లలో తిరిగి వచ్చింది. సంఖ్యలు చిన్నవి కనుక ఏడాది గీతకు బదులు ఐదేళ్ల సగటు తీయాలి. అదే మూలం నుంచి ఇంటిపేరు మీదుగా వచ్చిన ఓటిస్‌ను మాత్రం రెండో షీట్‌లోనే ఉంచుతాను.