యోవాన్నా మిత్రోష్: తొమ్మిదో స్థానాన్ని ఎలా చదవాలి

2012 లండన్ ఒలింపిక్స్‌లో రిథమిక్ జిమ్నాస్టిక్స్ ఫైనల్ ఫలితాలు తీస్తే, పోలండ్‌కు చెందిన యోవాన్నా మిత్రోష్ పేరు కింది నుంచి రెండోది. పది మందిలో తొమ్మిది. పతకం లేదు కదా అని చాలామంది అక్కడితో వదిలేస్తారు. నా దృష్టిలో అది గట్టి ఫలితం. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌కీ లండన్‌కీ మధ్య ఆమె చేతిలోని పరికరాలూ మారాయి, మార్కులేసే పద్ధతీ మారింది. రెండిటికీ సర్దుకుని ఫైనల్ దాకా రావడం చిన్న సంగతి కాదు.

జిమ్నాస్టిక్స్ అంటే అన్నీ ఒకటే అనుకుంటారు, ముందు ఆ గందరగోళం తీర్చేద్దాం. మన హైదరాబాదీ బుద్దా అరుణా రెడ్డి 2018 మెల్‌బోర్న్ వరల్డ్ కప్‌లో వాల్ట్‌లో (పరుగెత్తి వచ్చి దిమ్మె మీద చేతులానించి దూకే అంశం) కాంస్యం గెలిచింది. అది ఆర్టిస్టిక్ జిమ్నాస్టిక్స్. రిథమిక్‌లో వాల్ట్ ఉండదు, బీమ్ ఉండదు, బార్లు ఉండవు. ఒక్కో వైపు 13 మీటర్లుండే చదరపు కార్పెట్, ఒక పరికరం, 75 నుంచి 90 సెకన్ల సంగీతం. ఆ కొద్దిసేపట్లోనే దూకుళ్లు, బ్యాలెన్స్‌లు, గిరికీలు. అవి చేస్తున్నంతసేపూ పరికరం కూడా ఏదో ఒక పని చేస్తూనే ఉండాలి, ఊరికే పట్టుకుని కాలెత్తితే కుదరదు.

మిత్రోష్ 1988లో బాల్టిక్ తీరంలోని గ్దీనియాలో పుట్టింది. బీజింగ్ నాటికి 19 ఏళ్లు. అప్పటి నాలుగు పరికరాలు రోప్ (తాడు), హూప్ (పెద్ద వలయం), క్లబ్స్ (సీసా ఆకారంలో ఉండే రెండు చిన్న గదలు), రిబ్బన్ (పుల్లకు కట్టిన పొడవాటి పట్టీ). ఆ పోటీలో 24 మందిలో మొదటి పది మందికే ఫైనల్, ఆమెకు ఆ పదిలో చోటు దక్కలేదు. తర్వాతి రెండు సీజన్లలో, అంటే 2009, 2010లో, క్లబ్స్ పక్కకెళ్లి బాల్ వచ్చింది. 2011 నుంచి క్లబ్స్ తిరిగొచ్చాయి, రోప్ సీనియర్ వ్యక్తిగత విభాగం నుంచే వెళ్లిపోయింది. కాబట్టి లండన్‌కు హూప్, బాల్, క్లబ్స్, రిబ్బన్.

కాగితం మీద ఇది ఒక పేరు తీసి ఇంకో పేరు పెట్టినట్టే కనిపిస్తుంది. చేతికి అలా ఉండదు. రోప్‌కు పిడులుండవు, కొసల్లో ముడులే. పొడవు ఎవరి ఎత్తును బట్టి వాళ్లకి. వేగం తగ్గిందంటే వంపు పోయి చచ్చుబడి వేలాడుతుంది కాబట్టి దాన్ని ఎప్పుడూ లాగుతూ ఉండాలి. బాల్ దీనికి పూర్తిగా తలకిందులు. 18 నుంచి 20 సెంటీమీటర్ల వ్యాసం, కనీసం 400 గ్రాముల బరువు. వేళ్లతో గట్టిగా పట్టుకున్నా, ముంజేతికి ఆనించి ఆపినా మార్కుల్లో కోత పడుతుంది. తెరిచిన అరచేతిలో ఊరికే కూర్చోవాలి. రోప్‌కు అలవాటుపడ్డ చెయ్యి బాల్ దగ్గర మెత్తబడాలంటే కొత్తగా నేర్చుకోవాల్సిందే.

హూప్ (లోపలి వ్యాసం 80–90 సెం.మీ., కనీసం 300 గ్రాములు) విసిరేటప్పుడు మణికట్టు కొంచెం వంకర తిరిగితే చాలు, గాల్లో ఊగుతూ పోతుంది. అంచు మీద పడిందంటే దొర్లుకుంటూ కార్పెట్ సరిహద్దు గీత దాటేస్తుంది. క్లబ్స్ ఒక్కోటి 150 గ్రాములకు తగ్గకూడదు. రెండూ కలిపి విసిరినప్పుడు ఒకటి ఎక్కువ తిరిగి ఒకటి తక్కువ తిరిగితే, ఒకదాని మెడ చేతికి వస్తుంది, రెండోదాని బుర్ర వస్తుంది. కింద పడేవాటిలో చాలావరకు ఇలాంటివే.

అసలు భయం రిబ్బన్‌ది. సీనియర్లకు కనీసం 6 మీటర్లు, వెడల్పు 4 నుంచి 6 సెంటీమీటర్లు, బరువు 35 గ్రాములు, దానికి 50–60 సెంటీమీటర్ల పుల్ల. స్పైరల్ వేస్తే నాలుగైదు చుట్లు దగ్గరదగ్గరగా ఒకే ఎత్తులో కనపడాలి, పాము మెలికలైనా అంతే. చెయ్యి ఒక్క క్షణం ఆలస్యమైతే కొస నేల మీద ఈడ్చుకుంటుంది. ఏసీ గాలి తగిలితే విసిరిన రిబ్బన్ అనుకున్న చోట దిగదు. ముడి పడితే ఇక చెప్పక్కర్లేదు, విప్పుతూ కూర్చుంటే సంగీతం ఆగదు. రిబ్బన్ ప్రదర్శన చూసేటప్పుడు మొహం కాదు, రిబ్బన్ కొస చూడండి, సగం తీర్పు అక్కడే తెలిసిపోతుంది.

పడేస్తే ఎంత పోతుంది? 2022–24 నియమావళి ప్రకారం చేజారినదాన్ని కదలకుండా అందుకుంటే 0.50 మార్కులు, ఒకటి రెండు అడుగులు వేసి తెచ్చుకుంటే 0.70, మూడు లేదా అంతకు మించితే 1.00. గీత దాటితే ఇంకో 0.30. ప్రదర్శన 75–90 సెకన్ల హద్దు కన్నా ఎక్కువో తక్కువో అయితే సెకనుకు 0.05.

మార్కుల సంగతికొస్తే, బీజింగ్‌లో ఒక్కో పరికరానికి గరిష్ఠం 20, నాలుగింటికి 80. యెవ్‌గేనియా కనాయెవా 75.500తో స్వర్ణం గెలిచింది. లండన్‌లో కష్టతకు 10, కళాత్మకతకు 10, అమలుకు (అంటే తప్పుల్లేకుండా చేసి చూపడానికి) 10, మొత్తం 30. నాలుగింటికి 120. మళ్లీ కనాయెవానే, 116.900. అక్కడ మూడో స్థానం 111.700, నాలుగు 111.575, అయిదు 111.475. కాంస్యానికీ అయిదో స్థానానికీ తేడా 0.225. ఒక్క పరికరం ఒక్కసారి చేజారితే ఎవరు ఎక్కడుంటారో చెప్పలేం.

పని భారం కూడా లెక్కేయండి. వెంబ్లీ అరీనాలో ఆగస్టు 9న హూప్, బాల్. 10న క్లబ్స్, రిబ్బన్. 24 మందిలోంచి పది మంది మిగిలాక అప్పటిదాకా వచ్చిన మార్కులు లెక్కలోకి రావు. 11న నాలుగూ మళ్లీ మొదటి నుంచి. మూడు రోజుల్లో ఎనిమిది ప్రదర్శనలు. ఒక పరికరంలో మెరిసి మూడింట్లో తడబడేవాళ్లు ఈ పదిలోకి రాలేరు. మిత్రోష్ వచ్చింది. ఆ రోజు ఆమె వెనక, పదో స్థానంలో ఉన్నది ఉక్రెయిన్ అమ్మాయి గన్నా రిజాట్దినోవా. ఆమే నాలుగేళ్ల తర్వాత రియోలో కాంస్యం అందుకుంది.

పోలండ్‌కు ఈ ఆటలో పాత చరిత్ర ఉంది. 1988 సియోల్‌లో తెరెసా ఫోల్గా, 1992 బార్సిలోనాలో యోవాన్నా బోదక్, ఎలీజా బ్యావ్‌కోవ్‌స్కా ఆడారు. మిత్రోష్ తర్వాత మాత్రం రియోలోనూ టోక్యోలోనూ వ్యక్తిగత విభాగంలో పోలండ్ పేరే లేదు. మళ్లీ 2024 పారిస్‌లో లిలియానా లెవిన్‌స్కా, పదహారేళ్ల పిల్ల, బరిలోకి దిగింది. పరికరాలు లండన్‌లోవే నాలుగు. మార్కులు మాత్రం పోల్చకండి: కష్టతకు ఇప్పుడు పైకప్పు లేదు, అందుకే పారిస్ విజేత దర్యా వర్ఫొలొమీవ్ 142.850 సాధించింది. లండన్‌లో నాలుగు ప్రదర్శనలూ ఏ లోపం లేకుండా చేసినా 120 దాటడానికి దారే లేదు.