శౌరివారు వెంట ఉంచుకున్న పేర్లు

గోవా వెళ్లొచ్చినవాళ్ల ఫ్రిజ్ తలుపు మీద తరచూ కనిపించే బొమ్మ బోమ్ జీసస్ బసిలికా, అక్కడి పేరున్న పాత చర్చి. అరచేతిలో సగం కూడా ఉండని మాగ్నెట్. ముఖద్వారం పైనున్న గుండ్రటి కిటికీలు అందులో చుక్కలైపోతాయి, యేసు నామాక్షరాలు పెయింట్ కింద పూడుకుపోతాయి.

కొందరు దీన్ని తెచ్చి జపమాల పక్కన, పీఠం మీద పెడతారు. అక్కర్లేదని నా అభిప్రాయం. అది జ్ఞాపిక, అంతే. వస్తూ పోతూ కళ్లు పడే ఫ్రిజ్ తలుపే దానికి సరైన చోటు.

ఈ గుడి పని 1594లో మొదలైంది, 1605లో ప్రతిష్ఠ జరిగింది. ఇందులో విశ్రమిస్తున్న పునీత ఫ్రాన్సిస్ శౌరివారు (సెయింట్ ఫ్రాన్సిస్ జేవియర్) 1552 డిసెంబరు 3నే చైనా తీరంలోని షాంగ్‌చువాన్ దీవిలో కన్నుమూశారు. ఆయన పేరు చెప్పగానే మనకు గుర్తొచ్చే ఈ కట్టడాన్ని ఆయన చూడనే లేదన్నమాట.

మరి ఆయన దాచుకున్నదేమిటి? 1546లో ఇప్పటి ఇండోనేషియాలోని ఆంబోయినా దీవి నుంచి తోటి జెస్విట్లకు, అంటే తన యేసు సభ సహోదరులకు, రాసిన ఉత్తరంలో ఆయనే చెప్పారు. వాళ్ల ఉత్తరాల్లోంచి స్వహస్తాలతో చేసిన సంతకాలను కత్తిరించి, తన వ్రతప్రమాణ పత్రంతో కలిపి ఎప్పుడూ వెంట ఉంచుకుంటున్నారట! యూరప్ నుంచి ఒక ఉత్తరం చేరాలంటే ఏళ్లు పట్టే కాలం అది. ఆ కాగితపు ముక్కలే ఆయనకు తోడు. ఎంత పెద్ద పునీతుడైనా మనుషుల మీద బెంగ పెట్టుకుంటాడని తెలిస్తే నాకెందుకో ధైర్యంగా ఉంటుంది.

పేతురు మొదటి లేఖ 2:5లో విశ్వాసులే సజీవమైన రాళ్లు, వాళ్లతోనే దేవుడి మందిరం లేస్తోంది అని ఉంది. గోవా గుడిది ఎర్రటి జేగురు రాయి. వానకీ ఎండకీ అరుగుతుంది, దాన్ని కాపాడటానికి నిపుణులున్నారు. శౌరివారు వెంట ఉంచుకున్నది మాత్రం ఆ సజీవమైన రాళ్లను.

అందుకే మాగ్నెట్ కింద కరెంటు బిల్లుతో పాటు ఓ చిన్న చీటీ కూడా పెట్టొచ్చు. అందులో ప్రార్థన అడిగినవాళ్లవి, అడగలేనివాళ్లవి పేర్లు, మన చేత్తో రాసినవి. డిసెంబరు 3న వచ్చే శౌరివారి పండుగకు నవంబరు 24న నవదిన ప్రార్థనలు మొదలవుతాయి. రోజూ ఆ పేర్లు చదివి ఒక పరలోక జపం చెబితే చాలు. ఇంట్లోవాళ్ల పేర్లు గబగబా రాసేస్తాం. మాటలు మానేసిన తోబుట్టువు పేరు దగ్గరికి వచ్చేసరికి పెన్ను ఆగుతుంది. అది కూడా రాయండి.