అరవై ప్రతులు, నలభై గంటల కుట్టు

కళ ఎక్కడా నేర్చుకోని మామూలు మనుషులు గీసినవీ రాసినవీ చేర్చి, చేత్తో కుట్టిన పుస్తకం 60 ప్రతులు వేశాం. ఎ4 కాగితం మధ్యకి మడిస్తే ఎ5 పుస్తకమే కదా అని మొదట డమ్మీ (నమూనా ప్రతి) అలాగే కుట్టాం. వారం తిరక్కుండా వెన్ను పక్కన పేజీలు అలలు అలలుగా లేచాయి. తప్పు కుట్టుది కాదు, గ్రెయిన్‌ది, అంటే కాగితం నార నడిచే దిక్కుది. బజార్లో దొరికే ఎ4 రీముల్లో చాలావాటికి కాగితం నార పొడుగు వైపు ఉంటుంది. మధ్యకి మడిచేసరికి ఆ నార వెన్నుకి అడ్డం పడుతుంది. తేమ పీల్చిన కాగితం నారకి అడ్డదిక్కులోనే ఎక్కువ సాగుతుంది, అంటే ఇక్కడ వెన్ను పొడుగునా. అక్కడేమో దారమూ జిగురూ గట్టిగా పట్టి ఉంచుతాయి. లేవక ఏం చేస్తుంది? పొడి ఊళ్లలో ఈ తప్పు కొన్నాళ్లు దాగుతుందేమో గానీ, విశాఖ సముద్రపు గాలిలో వారం కూడా దాగదు.

అందుకే 12×18 అంగుళాల షీటుకి మారాం. నార 18 వైపు ఉన్న షీటు అడిగి తీసుకుని, సగానికి కోసి 12×9 చేసి, మధ్యకి మడిస్తే పేజీ 6×9 వస్తుంది, నార వెన్ను వెంట నడుస్తుంది. కొట్టువాడి మాట నమ్మకుండా రెండంగుళాల చదరం ముక్క కోసి ఒక పక్క తడిపి చూడండి. ముక్క గొట్టంలా చుట్టుకుంటుంది, ఆ గొట్టం ఎటు పొడుగో నార అటు.

మా లెక్క ఇది: 100 జీఎస్ఎం (చదరపు మీటరుకి 100 గ్రాముల బరువు) మ్యాప్‌లితో అనే తెల్ల కాగితం, 96 పేజీలు. సగం షీట్లు నాలుగు ఒకదాన్లో ఒకటి దూర్చితే 16 పేజీల ఫారం, అలాంటివి 6. ప్రతికి 12 పెద్ద షీట్లు. 60 ప్రతులకి 720 చాలు గానీ, 66 ప్రతులకి సరిపడా 792 ప్రింటు చేయించాం. పాడైన ఫారం ఒక్కటే మళ్లీ వేయించబోతే నలుపు మొదటి దానితో కలవదు.

ఇక లోపలి సరుకు. కళ నేర్చుకోనివాళ్లు తమకి తోచినట్టు చేసే ఇలాంటి కళని ఇంగ్లీషులో 1972 నుంచి అవుట్‌సైడర్ ఆర్ట్ అంటున్నారు. మా దగ్గరికి వచ్చేవి మందుల బిల్లుల వెనక గీసిన బొమ్మలు, లాంగ్ నోటుబుక్కుల్లో రాసిన ఉత్తరాలు, క్యాలెండరు కాగితాల మీది పద్యాలు. బాల్‌పెన్ గీతలు 600 డీపీఐ (అంగుళానికి 600 చుక్కలు) గ్రేలో స్కాన్ చేస్తాం. పల్చటి కాగితమైతే వెనక నల్ల అట్ట పెట్టాలి, లేకపోతే అవతలి వైపు అచ్చు కూడా దిగుతుంది. బిల్లుల్లో థర్మల్ కాగితం ఉంటే వచ్చిన రోజే స్కాన్ అయిపోవాలి. అది వెలిసిపోతుంది. భద్రం చేద్దామని లామినేషన్‌కి ఇచ్చారో, వేడికి మొత్తం నల్లబడుతుంది. నోటుబుక్కు గీతలు చెరపం, అక్షరదోషాలు దిద్దం. ‘వొస్తాను’ అని రాసినవాణ్ణి ‘వస్తాను’ అనిపించడం మన పని కాదు.

అనుమతి పత్రం ఒక పేజీ, తెలుగులో, రాసినవాళ్లకి చదివి వినిపించి మరీ. అనుమతి ఎంత కాలానికి, ఏ ప్రాంతానికి అన్నది అందులో రాయాల్సిందే. రాయకపోతే కాపీరైట్ చట్టం ప్రకారం 5 ఏళ్లు, భారతదేశం వరకే అన్నట్టు లెక్క.

టైపు చేసిన భాగాలకి పేజీలు కూర్చే ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో వరల్డ్-రెడీ కంపోజర్ అనే సెట్టింగు ఎంచుకోకపోతే ఒత్తులు విడిపోతాయి. మండలి ఫాంటు 12 పాయింట్లకి లైను ఎడం 18 పెట్టాం. అంతకన్నా తగ్గిస్తే పై లైను ఒత్తులు కింది లైను తలకట్లకి తగులుతున్నాయి.

డిజిటల్ ప్రింటు మిషను వేడికి కాగితంలో తేమ ఎగిరిపోతుంది. బయటికొచ్చాక అంచుల నుంచి మళ్లీ పీలుస్తుంది. అందుకని రెండు రోజులు దొంతర పెట్టి, పైన పలక బరువు ఉంచి, ఆ తర్వాతే మడత. నల్లటి బొమ్మ సరిగ్గా మడత మీద పడితే టోనరు పగిలి తెల్లగీత వస్తుంది. అలాంటి బొమ్మని పేజీ మార్చడమే మందు.

ఫారానికి ఆరు కన్నాలు: తల, కాలి అంచులకి అంగుళం లోపల చెరొకటి, మధ్యలో రెండు నాడాలకి (ఫారాల్ని కలిపి పట్టేలా వెన్ను మీద అడ్డంగా పెట్టే పట్టీలు) రెండేసి. ముందే దబ్బనంతో పొడుచుకుని, తేనెమైనం పట్టించిన లినెన్ దారంతో కుట్టాలి. ప్రతికి దాదాపు ఆరడుగులు పడుతుంది. దారం బిగించేటప్పుడు వెన్ను వెంబడే లాగాలి. పైకి లాగితే కన్నం చిరుగుతుంది, ఆ ఫారం ఇక పనికిరాదు. చెయ్యి తిరిగాక ఒక్కో ప్రతికి 40 నిమిషాలు, 60 ప్రతులకి 40 గంటలు. సంఖ్య 60 దగ్గర ఆగింది అందుకే, అరుదుగా ఉండాలని కాదు.

కుట్టాక రాత్రంతా బరువు కింద ఉంచి, వెన్నుకి జిగురు పూసి ఆరాక కటింగ్ మిషన్‌కి పంపుతాం. సరిగా అణగని పుస్తకం బ్లేడు కింద ఏటవాలుగా తెగుతుంది. మాకు రెండు అలా పోయాయి. తెగాక కొలత 146×222 మిల్లీమీటర్లు. దానికి 2 మిల్లీమీటర్ల గ్రే బోర్డు అట్టలు 143×228, అట్ట తెరుచుకునేలా వెన్ను పక్కన వదిలే మడత సందు 8. అట్ట నార కూడా వెన్ను వెంటే.

పై గుడ్డ పొందూరు ఖద్దరు. పల్చన, నేరుగా జిగురు పూస్తే పైకి ఊరి మరకలు కడుతుంది. గంజి పోయేలా ఉతికి, తడిగా గ్రానైట్ బల్ల మీద బోర్లా పరిచి, మైదా పేస్టు పూసిన పల్చటి కాగితం వెనక అంటించి, పూర్తిగా ఆరాక ఒలుచుకుంటే అప్పుడది కాలికోలా (మామూలు బైండింగ్ గుడ్డ) మాట వింటుంది.

పేస్టుకి మైదా ఒకపాలు, నీళ్లు ఐదుపాళ్లు, నిగారింపు వచ్చేదాకా కలుపుతూ ఉడికించడం. పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం. అది విషం, వంటగిన్నె వాడొద్దు. అట్టలకి ఇందులో సగానికి సగం ఫెవికాల్ కలుపుతాం. ఒట్టి పేస్టులో నీళ్లెక్కువ, అట్ట విల్లులా వంగుతుంది. గుడ్డ ఆరుతూ అట్టని బయటికి లాగుతుంది, అట్ట లోపలి వైపు అంటించే ఎండ్ పేపరు ఇటు లాగి సరిచేస్తుంది. త్వరగా ఆరాలని మేడ మీద ఎండలో పెట్టకండి. తెల్ల న్యూస్‌ప్రింటు మధ్య, బరువు కింద, మొదటి రోజు మూడుసార్లు కాగితం మారుస్తూ ఆరబెట్టాలి. పాత పేపర్లు పెడితే వార్తలు ఖద్దరుకి ఎక్కుతాయి. వానాకాలంలో అయితే నాలుగు రోజులైనా లోపల తేమ పోక బూజు పట్టింది. ఇప్పుడు ఈ పని డిసెంబరుకే దాస్తున్నాం.

ఐఎస్‌బీఎన్‌కి (పుస్తకాన్ని గుర్తించే అంతర్జాతీయ సంఖ్య) ఢిల్లీలోని రాజా రామ్మోహన్ రాయ్ ఏజెన్సీకి ఆన్‌లైన్ దరఖాస్తు, డబ్బు కట్టక్కర్లేదు. చాలామంది మరిచేది గ్రంథాలయాలకి పుస్తకాలు పంపాలనే 1954 చట్టం. ప్రచురించిన 30 రోజుల్లో కోల్‌కతా నేషనల్ లైబ్రరీకి ఒకటి, చెన్నై, ముంబయి, ఢిల్లీ గ్రంథాలయాలకి ఒక్కోటి మన ఖర్చుతోనే పంపాలి. కోల్‌కతాకి వెళ్లేది మనం వేసినవాటిలో మేలైన ప్రతిలా కుట్టి, బైండు చేసి ఉండాలనీ ఉంది. కాబట్టి 60లో అమ్మకానికి 56 అనే మొదటి రోజే రాసుకున్నాం, నంబర్లు వేసేముందే ఆ నాలుగూ పక్కన పెట్టాం.